మా అప్ప పెరట్లో పాత బోటు: ఒక ఫైబర్ తెప్ప మరమ్మతు కేస్ స్టడీ

బోటు 28 అడుగుల ఫైబర్ తెప్ప. పని జరిగింది కళింగపట్నం దగ్గర మా అప్ప (అక్క) వాళ్ళ పెరట్లో. కాలం 2025 వేట నిషేధం, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ తర్వాత ఇంకొన్నాళ్ళు. నేను విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ పని నేర్చుకుని, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటూ తీరం వెంబడి ఊళ్ళలో బోట్లు బాగుచేస్తుంటాను. యార్డులో చేసే పనికీ కాపురం నడుస్తున్న ఇంటి పెరట్లో చేసే పనికీ లెక్క వేరు. యార్డులో ఖర్చయ్యేది రెసిను (గాజు నారకి పట్టించే, గట్టిపడే జిగురు), కూలి. ఇంటి దగ్గర ఖర్చయ్యేది చోటు. ఫైబర్ బోటు బాగుచేయడంలో సగానికి పైగా ఆరబెట్టడమే. ఆరడానికి డబ్బు అక్కర్లేదు గానీ, ఆరినన్నాళ్ళూ పెరడంతా దానిదే. బట్టలు ఆరేసే తాడు, ఎండుచేపల పట్టాలు, బయటి పొయ్యి, అన్నీ దానికి దారివ్వాలి.

బావ అప్పటిదాకా వేరేవాళ్ళ బోటు మీద కలాసీ. భావనపాడు వైపు ఒకాయన దగ్గర ఇంజను లేకుండా బోటు మాత్రం అమ్మకానికి ఉందని తెలిసి నన్ను వెంట తీసుకెళ్ళాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అది రేవులోంచి లేచి సరుగుడు తోటలో పడిందట. తర్వాత ఎవరో పగుళ్ళకి పుట్టీ పెట్టి, పైన రంగేసి, కొన్నాళ్ళు వేట చేసి ఒడ్డున వదిలేశారు. రంగు మాత్రం నిగనిగలాడుతోంది.

"ఏటంటావ్ బావా? మల్లీ నీల్లోకి దిగుతాదా?" అని నన్నడిగాడు.

"దిగుతాది. బరువెంతుందో సూసినాక డబ్బులిద్దాం."

పాత ఫైబర్ బోటు కొనేటప్పుడు నేను మొదట అడిగేది బరువే. పగుళ్ళు కంటికి కనబడతాయి, లోపల తాగిన నీళ్ళు కనబడవు. అడ్వాన్సు ఇచ్చి, ట్రాక్టరు మీద తెస్తూ దారిలో రైసుమిల్లు కాటా ఎక్కించాం. అదే అచ్చులో పోసిన బోటు బరువు నాకు తెలుసు. ఇది దానికన్నా దాదాపు క్వింటాన్నర ఎక్కువ తూగింది. క్వింటాన్నర అంటే 150 లీటర్ల నీళ్ళు. ఇరవై లీటర్ల టిన్నులు ఏడో ఎనిమిదో బోటు గోడల మధ్య దాక్కుని ఉన్నాయన్నమాట. కాటా చీటీ చూపించాక 35 వేలు అన్న బేరం 30 వేలకి దిగింది. చీటీ ఖరీదు వంద రూపాయలు కూడా కాదు.

పెరట్లోకి వచ్చాక రూపాయి బిళ్ళతో అడుగడుగూ కొట్టి చూశాను. గట్టి చోట ‘టక్’మని పదునుగా పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, నీళ్ళు పట్టిన చోట ‘డబ్’మని బొద్దుగా వస్తుంది. బొద్దు శబ్దం వచ్చిన ప్రతిచోటా సుద్దతో గీత గీశాం. సాయంత్రానికి పక్కలు దాదాపు శుభ్రంగానే ఉన్నాయి. అడుగున, కుడివైపు దెబ్బ తగిలిన చోట ఒక పెద్ద చుట్టు. వెనక అడ్డచెక్క, అదే ఇంజను బిగించే ట్రాన్సమ్, మొత్తం బొద్దే. తేలడానికి ఫోము పోసిన గదుల అడుగున చిన్న డ్రిల్లుతో చిల్లు పెడితే గోధుమరంగు నీళ్ళు ధారకట్టాయి. ఇసకలో ఈడ్చి ఈడ్చి కీలు, అంటే బోటు అడుగున పొడుగూతా ఉండే వెన్ను, అరిగిపోయి గాజు నారలు బయటపడ్డాయి. రేవు లేని ఊళ్ళలో, అలల మీంచి నేరుగా ఒడ్డుకి ఎక్కించే బోట్లన్నిటికీ ఈ కీలు అరుగుదల తప్పదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. గాజు నార మ్యాటు వేసి మందం పెంచి, దాని కింద తుమ్మ పట్టీ బిగించాం. అరిగితే పట్టీ మారుస్తారు, బోటు అరగదు.

డబ్బు విషయం అప్ప చేతిలో ఉంది. బావకి చేపల లెక్క తెలుసు, ఇంటి లెక్క అప్పది. డ్వాక్రా సంఘం పుస్తకం పక్కనే బోటుకొక నోటుపుస్తకం పెట్టింది. ఆ యేడాది ఏప్రిల్ 26న మన జిల్లా బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి ‘మత్స్యకార సేవలో’ పథకం మొదలుపెట్టారు. నిషేధ కాలం భృతి 10 వేల నుంచి 20 వేలయింది. అందులో సగం ఇంటికి, సగం బోటుకి అంది. రెండో విడత డ్వాక్రా అప్పు. మూడోది నిషేధం ఎత్తేశాక బావ వేరే బోటు మీద వేటకెళ్ళి తెచ్చే వాటా.

"ముక్కముక్కలుగా ఇస్తానురా. మద్దెలో డబ్బులాగిపోతే నా పెరట్లో అది కుల్లిపోకూడదు" అంది.

పని వరసంతా ఈ ఒక్క మాటతో తేలిపోయింది. యార్డులో అయితే అన్నిచోట్లా ఒకేసారి విప్పి, అన్నీ ఒకేసారి కడతాం. కూలీలు ఉంటారు కాబట్టి అక్కడ అదే లాభం. విడతలుగా డబ్బొచ్చే ఇంట్లో అలా విప్పితే, రెండో విడత ఆలస్యమైన నెలలో విప్పిన ప్రతిచోటా వాన పడుతుంది. కాబట్టి ఒక గాయం విప్పడం, ఆరబెట్టడం, మూయడం. అది మూసుకున్నాకే రెండోది విప్పడం. ఏ విడత దగ్గర ఆగినా బోటు అంతకు ముందుకన్నా మెరుగ్గానే ఉండాలి. గ్రైండరు డిస్కులు, బ్రష్షులు ఇలా చేస్తే కొంచెం ఎక్కువ పడతాయి. పడనివ్వాలి.

ఇంకో గడువు కూడా ఉంది. అప్ప పెద్దమ్మాయిని మొదటి పురుడుకి మే నెలాఖరుకి తీసుకురావాలి. పాలియెస్టర్ రెసిన్లో ఉండే స్టైరీన్ ఘాటు గర్భిణి ఉన్న ఇంటి ముందు పనికిరాదు. అందుచేత అమ్మాయి గడప తొక్కే నాటికి పెరట్లో రెసిను డబ్బా మూత పడాలి, మిగిలిన పని ఏదైనా ఉంటే బోటుతో సహా ఒడ్డున తోటలోకి పోవాలి. ఈ మాట మొదటిరోజే అందరి ముందూ అనుకున్నాం. బావ తల్లి ఇంకొకటి కలిపింది:

"నా ఎండుసేపల్లో గాజుపొడి పడితే ఎవులు కొంటారు?"

న్యాయమైన ప్రశ్న. ఫైబర్ గోకినప్పుడు లేచే పొడి ఒంటి మీద పడితే దురద, ఊపిరిలోకి పోతే ఇంకా చెడ్డ. మాస్కు నాకుంటుంది గానీ చేపలకుండదు. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది, పొద్దెక్కాక సముద్రం నుంచి ఇంటివైపు తిరుగుతుంది. బోటుని పెరటికి తూర్పు అంచున పెట్టించాను. గ్రైండింగంతా తెల్లవారి గాలి తిరిగేలోపే. నీళ్ళు చల్లిన గోనె పట్టాలు కింద పరిచి, పని కాగానే పట్టాలు మడతపెట్టి తీసేయడం. ఎండుచేపలు పది గంటల తర్వాతే బయటికి. రెసిను పని మంచు తడి ఆరాక, తొమ్మిదీ పదకొండు మధ్య. ఆ వేళలో పెరట్లో పొయ్యి వెలగకూడదు. కడగడానికి వాడే ఎసిటోను ఆవిరి నేలబారుగా పాకి పొయ్యిని వెతుక్కుంటూ పోతుంది. అందుకని వంట ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి. అప్ప రెండు రోజులు సణిగి మూడోరోజు నుంచి తనే టైము చూసుకుని పొయ్యార్పేసేది.

ఇక ట్రాన్సమ్. ఈ బోటులో అసలు రోగం ఇదే, డబ్బు ఎక్కువ పెట్టిందీ ఇక్కడే. ఫైబర్ రెండు చర్మాల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బోల్టుల కోసం చిల్లులు వేసినవాళ్ళు ఆ చిల్లుల లోపలి అంచుకి ఏమీ పూయలేదు. బోల్టు పక్కనుంచి ఉప్పునీళ్ళు ప్లైలోకి దిగి, ఏళ్ళ తరబడి అక్కడే నానింది. స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. చేత్తో నలిపితే తడి తవుడు. దీన్ని కొంతమంది బయటి నుంచి ఇనప ప్లేటు వేసి బిగిస్తారు. ఇంజను కొన్నాళ్ళు నిలబడుతుంది. ఒక పెద్ద అల మీద ఒడ్డుకి దూకినప్పుడు ప్లేటుతో సహా ఊడి వెనక్కి పడుతుంది. దీని మీద ఇనప ప్లేటు వేయడానికి నేను ఒప్పుకోలేదు.

బయటి చర్మం అలాగే ఉంచి, లోపలి చర్మాన్ని అంచులు వదిలి కోసి తీశాం. బయటిది ఉంచడంలో లాభం ఏమిటంటే అదే అచ్చులా పనికొస్తుంది, ఆకారం తప్పదు, రంగు కూడా పోదు. కుళ్ళిన చెక్కంతా ఉలితో గీకాక మంచినీళ్ళతో కడిగాం. ఎండబెట్టాల్సిన దాన్ని కడగడమేమిటని బావకి నచ్చలేదు. ఉప్పు మిగిలితే గాలిలో తేమని పీలుస్తూనే ఉంటుంది. పగలు ఆరినట్టుంటుంది, రాత్రి మళ్ళీ చెమ్మ. బోరు నీళ్ళలోనూ ఉప్పే కాబట్టి కుళాయి నీళ్ళు కావాలి. కుళాయి వచ్చేది కాసేపు. అప్ప బిందెలు నిండాకే బోటుకి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు కొననక్కర్లేదు. పొద్దుగూకే వేళ జానెడు పాలిథీన్ ముక్కని గోకిన చోట పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించాలి. మర్నాడు ఎండ పడ్డాక లోపలివైపు చూడాలి. చిన్న చిన్న నీటిచుక్కలు కనబడితే ఇంకా తడి ఉన్నట్టు. మా ట్రాన్సమ్ మీద మొదట్లో పాలిథీన్ లోపల ఆవిరి మబ్బులా పట్టేది, తర్వాత ఒక మూల మాత్రమే, ఆ మూల కింద తవ్వితే ఇంకా రెండు వేళ్ళ కుళ్ళు చెక్క దొరికింది. పాలిథీన్ పొడిగా రానంతవరకు రెసిను డబ్బా తెరవలేదు. తడి మీద వేసిన మ్యాటు పచ్చి గోడ మీద వేసిన సున్నం లాంటిది, పెచ్చులే మిగులుతాయి.

కొత్త ప్లై ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. దుకాణంలో ‘వాటర్‌ప్రూఫే కదా’ అని ఐఎస్ 303 చూపిస్తారు. అది తలుపులకీ కబోర్డులకీ. ఇక్కడ నాలుగు డబ్బులు మిగుల్చుకోకూడదు. 18 మి.మీ. రెండు పొరలు కలిపి 36 మి.మీ. అట్ట కోసి కొలత చూసుకుని, ప్లై అంచులన్నిటికీ ముందే రెసిను తాగించి, కోసిన గాజు నార కలిపిన చిక్కటి రెసిను ముద్ద పరిచి దాని మీద నొక్కాం. సందుల్లోంచి ముద్ద పొంగి వచ్చేదాకా బిగించాలి, ఎక్కడ పొంగలేదో అక్కడ గాలి ఉన్నట్టు.

పాత ఫైబర్‌కి కొత్త ఫైబర్ అతికేది గోకిన వాలు మీదే. మందానికి పన్నెండు రెట్లు వాలు పెడతాను. 6 మి.మీ. చర్మానికి ఏడు సెంటీమీటర్ల పైన. పాత ఉపరితలం మీద మొదటి పొర ఎప్పుడూ చాప్డ్ మ్యాటే (తరిగిన గాజు నారది), రోవింగ్ (నేసిన గాజు గుడ్డ) కాదు. మ్యాటు గరుకుల్లోకి దూరి పట్టుకుంటుంది. తర్వాత రోవింగ్, మళ్ళీ మ్యాటు. మ్యాటుకి దాని బరువుకి రెండు, రెండున్నర రెట్లు రెసిను పడుతుంది. రోవింగ్‌కి దాదాపు సమాన బరువు చాలు. కొనే ముందు ఈ లెక్క వేసుకుంటే ఇంట్లో సగం డబ్బా రెసిను మిగిలి గడ్డకట్టదు. నీటి కింద ఉండే బయటి పొరలకి మాత్రం నీటిని ఎక్కువ తట్టుకునే, ఖరీదైన ఐసో రెసిను, లోపలంతా మామూలుది. బడ్జెట్టులో రాజీ పడిన చోటు అదొక్కటే, అది పడదగిన రాజీ.

మే నెల ఎండలో హార్డనరు (రెసినుని గట్టిపరిచే ద్రవం) ఎంత వేయాలన్నది ఎవరి అలవాటు వారిది. నేను కిలోకి 10 ఎంఎల్, సూది లేని సిరంజితో కొలిచి. కంటి అంచనా లేదు. ఎక్కువ వేస్తే బకెట్లోనే ఉడికి పొగలేస్తుంది, బాగా తగ్గిస్తే ఎప్పటికీ గట్టిపడదు. పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి ఇక్కడొక మాట గట్టిగా చెప్తాను. కోబాల్టు (గట్టిపడటాన్ని త్వరపెట్టే మందు) ముందే కలిపిన రెసినునే కొనండి. కోబాల్టునీ హార్డనరునీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది. హార్డనరు కంట్లో పడితే చూపు పోవచ్చు, పడిన క్షణమే నీళ్ళతో కనీసం పావుగంట కడుగుతూ ఆస్పత్రికి పోవాలి. ఆ సీసా రెసినుతోనూ ఎసిటోనుతోనూ కలిపి పెట్టలేదు. వేరే కొట్టులో, తాళం వేసి, తాళం చెవి బావ తల్లి కొంగున.

బోల్టు చిల్లులు పాతవాళ్ళ దారిలో వేయలేదు. కావలసినదానికన్నా పెద్ద చిల్లు వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో (పాలియెస్టర్ కాని వేరే రకం రెసిను) నింపి, గట్టిపడ్డాక దాని నడుమ అసలు చిల్లు. బోల్టు పక్కనుంచి నీళ్ళొచ్చినా తగిలేది ఎపాక్సీకే, చెక్కకి కాదు. ఎపాక్సీ అన్నిటికన్నా చివర్న వాడటానికి కారణముంది. ఎపాక్సీ పాలియెస్టర్ మీద చక్కగా అతుకుతుంది, పాలియెస్టర్ ఎపాక్సీ మీద సరిగ్గా అతకదు.

ఫోము గదుల దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నానిపోయిన పాత ఫోమంతా పారతో తవ్వి పోశాం, పెరటి మూలన అదొక దిబ్బ. కొత్త పీయూ (పాలీయురెథేన్) ఫోము ధర విని అప్ప పుస్తకం మూసేసింది. బావ చేపల షావుకారు దగ్గర విరిగిన థర్మాకోలు పెట్టెలు ఊరికే దొరుకుతాయని ఒక ఆటో నిండా తెచ్చాడు. వద్దని చెప్తే వినే మనిషి కాదు. కొబ్బరిచిప్పలో కాస్త రెసిను పోసి థర్మాకోలు ముక్క వేశాను. అందరూ చూస్తుండగానే బుసబుసమని కుంగి, జిగురై, చిప్ప అడుక్కి చేరింది. రెసిన్లో స్టైరీను దాన్ని కరిగించేస్తుంది. పెట్రోలు ఒలికినా అంతే. ఆ పెట్టెలు తిరిగి షావుకారు దగ్గరికే పోయాయి.

చివరికి గదుల్లో సీలు మూతలున్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పేర్చాం, ఇరవై లీటర్లవీ ఐదు లీటర్లవీ. ఒక్కో పెద్ద డబ్బా దాదాపు 20 కిలోల తేలికనిస్తుంది. కదలకుండా రీపర్లు అడ్డం పెట్టి, ప్రతి గదికీ ఒక మూత, అడుగున ఒక డ్రెయిన్ ప్లగ్గు. ఫోముకన్నా ఇదే మేలని ఇప్పుడు డబ్బున్నవాళ్ళకి కూడా చెప్తున్నాను. ఫోము నానితే తెలియదు. డబ్బా అయితే బయటికి తీసి చూసుకోవచ్చు.

ఆ యేడాది నైరుతి కేరళని మే 24నే తాకింది, ఆ వెంటనే మన వైపూ మబ్బులు ముసిరాయి. ట్రాన్సమ్, కీలు, గదులు అప్పటికి మూతపడ్డాయి. మిగిలింది అడుగున కుడివైపు దెబ్బ ఒక్కటే. అది ఇంకా విప్పలేదు కాబట్టి వాన దానికేమీ చేయలేదు, పాత పుట్టీ కిందే ఉంది. వరస పెట్టుకున్నందుకు దక్కిన లాభం ఇది. అమ్మాయిని తెచ్చే ముందురోజు బోటుని సరుగుడు తోటలోకి ఈడ్చి, కర్రలు పాతి తాటాకు పందిరి వేశాం. నిషేధం ముగిసి బావ వేటకెళ్ళాడు. వాటా డబ్బు చేతికొచ్చాక, వానలు తెరపిచ్చిన రోజులు చూసి ఆ దెబ్బ విప్పాం. పుట్టీ కింద అరచేయంత చిల్లు, చుట్టూ పొరలు విడిపోయి ఉన్నాయి. తిత్లీ తర్వాత చేసినవాళ్ళు ఒక్క పొర మ్యాటు కూడా వేయకుండా పుట్టీతోనే మూసి ఎన్నాళ్ళో సముద్రం మీదికి పంపారు. అందులో వేటకెళ్ళిన కలాసీల తల రాత బాగుంది.

చివరి పొర మీద పాలిథీన్ పరిచి రోలరు తిప్పాం. గాలి తగిలితే పాలియెస్టర్ పైపొర జిగటగానే ఉండిపోతుంది. రంగు వేయలేదు. కొత్తగా పని చేసిన చోట్ల మాత్రం జెల్‌కోటు (రంగు కలిపిన రెసిను పైపూత). అందుచేత బోటు అక్కడక్కడా నీలం, అక్కడక్కడా బూడిదరంగు. పేరు రాయించాలని అప్ప పట్టు, కానీ పుస్తకంలో మిగిలిన డబ్బు స్టీలు బోల్టులకే సరిపోయింది.

నేరుగా సముద్రంలోకి దించలేదు. వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర నిలకడ నీళ్ళలో, మొల లోతున దించి, బకెట్లతో బోటు నిండా నీళ్ళు పోశాం. ఊళ్ళో జనం నవ్వారు. అంచుల దాకా నిండాక కూడా మునగలేదు, నలుగురు పట్టుకుని నిలబడ్డా సమంగా తేలింది. ఒక మూల ముందుకు వంగి ఉంటే డబ్బాలు సర్దుకోవాల్సి వచ్చేది, ఆ అవసరం రాలేదు. నీళ్ళు తోడేసి ఒక రాత్రి ఉంచితే ట్రాన్సమ్ పొడిగా ఉంది, దెబ్బ మూసిన చోటు పొడిగా ఉంది. ముక్కు గదిలో మాత్రం గ్లాసుడు నీళ్ళు చేరాయి. పాత అచ్చు రెండు సగాల అతుకు దగ్గర సన్నగా చెమ్మ దిగుతోంది.

ఖర్చు సంగతి. బోటు, ట్రాక్టరు కాక మరమ్మతుకి అయింది సుమారు 42 వేలు. అందులో పెద్ద ముక్క రెసిను, మ్యాటు. తర్వాత ప్లై, డబ్బాలు, బోల్టులు. ఎసిటోను, డిస్కులు, బ్రష్షులు అనుకున్నదానికి రెట్టింపు. ఈ చిల్లర ప్రతి ఇంట్లోనూ అలాగే అవుతుంది, ముందే రాసుకోండి. నా కూలి లేదు, అప్ప దగ్గర తీసుకునే వాళ్ళం కాదు. బయటి పనివాడైతే ఇంకో పాతిక వేలు కలపాలి. ఇంజను కొనలేదు. ఊళ్ళో ఒకరి 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు, పట్టిన చేపలో ఇంజనుకొక వాటా అన్న ఒప్పందం మీద. బోటు కాగితాలు బావ పేరు మీదికి మార్చుకోమని మాత్రం రోజూ పోరాను. రిజిస్ట్రేషను పేరు మారకపోతే నష్టపరిహారం అడగడానికి నోరుండదు.

ముక్కు గదిని తర్వాతి నిషేధంలో, 2026 ఏప్రిల్ 15 తర్వాత విప్పుదామనుకున్నాం. అప్పటిదాకా వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ గది ప్లగ్గు తీసి ఎన్ని నీళ్ళు కారాయో చూడమన్నాను. గ్లాసు దాటి చెంబు అయితే ఆగకుండా నాకు ఫోను చేయాలి. దానికి కావలసిన రెసిను ఇప్పుడే కొని అటక మీద పెడదామంది అప్ప, ధర పెరుగుతుందని. వద్దన్నాను. మన వేడికి పాలియెస్టర్ రెసిను కొన్ని నెలలకే డబ్బాలో చిక్కబడిపోతుంది. ఆ డబ్బుతో బోటుకి పేరు రాయించుకోమన్నాను.